రెండు పేర్ల అమ్మాయికి

"వందనాలండీ. నాకు 27 ఏళ్ళు. హైదరాబాదులో టెస్టింగ్ ఉద్యోగం, గచ్చిబౌలిలో హాస్టలు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. ఇంట్లో, గుడిలో నాకొక పేరు, అది బైబిలు పేరు. బడిలో వేసిన పేరు వేరు. ఆఫీసులో అదే. సర్టిఫికెట్లలో హిందూ అని, ఎస్సీ అని ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంటుతోనే ఇంజినీరింగ్ చదివాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా స్టిక్కరు బొట్టు పెట్టుకుంటాను. ఆదివారం పొద్దున గుడికి వెళ్ళేముందు అది అద్దం మీద ఉంటుంది. సోమవారం మళ్ళీ తీసి నుదుట పెట్టుకుంటాను. డిసెంబరులో ఆఫీసులో చెట్టు పెట్టి, ఎర్ర టోపీలు పెట్టుకుని అందరూ హ్యాపీ క్రిస్మస్ అంటుంటే నేనొక్కదాన్నే సరిగ్గా నవ్వలేను, ఎక్కడ బయటపడతానో అని. పోనీ సంఘంలో అయినా దాపరికం ఉండదనుకున్నాను. అక్కడ ఒకబ్బాయీ నేనూ పెళ్ళి చేసుకుందామనుకున్నాం. వాళ్ళమ్మగారు ఫోనులో మొదట అడిగిన మాట, 'మీరు ఏ క్రిస్టియన్లమ్మా?' అని. చెప్పాను. మళ్ళీ ఫోను రాలేదు. అబ్బాయి 'ప్రార్థన చేద్దాం' అంటున్నాడు. పాస్టరుగారికి చెబితే, 'క్రీస్తులో కులం లేదు, నీ గుర్తింపు క్రీస్తులో ఉంది, ఇవన్నీ పట్టించుకోకు' అన్నారు. రెండు నెలలుగా నిద్ర సరిగా లేదు. క్రీస్తులో నా గుర్తింపు అంటే ఏమిటండీ? అద్దంలో కనపడే మనిషి ఎవరు?"

నీకంటే పెద్ద కూతురుంది నాకు. అందుకని నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు. పేరు వేయొద్దన్నావు, వేయను. కానీ ఏదో ఒక పేరుతో పిలవాలిగా, ఎస్తేరు అంటాను. బైబిల్లో ఆ అమ్మాయికీ రెండు పేర్లే. ఇంట్లో హదస్సా, కోటలో ఎస్తేరు. తన జనం ఎవరో, వంశం ఏమిటో చెప్పొద్దని పెంచినాయన మొర్దెకై చెబితే చెప్పలేదు. ఆమె రాణి అయింది రాజు ఏలుబడిలో ఏడో ఏట. ఆమె జనమైన యూదులను చంపించాలని మంత్రి హామాను కుట్ర మొదలుపెట్టింది పన్నెండో ఏట. అంటే అయిదేళ్ళు ఒకే కప్పు కింద ఉన్న భర్తకు కూడా తానెవరో తెలియదు. ఆ దాచడం తప్పని బైబిలు ఎక్కడా అనదు, ఒప్పనీ అనదు. పైగా ఆ పుస్తకం మొత్తంలో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు. ఆయన కూడా అక్కడ పేరు దాచుకునే తిరిగాడేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇది ముందు ఎందుకు చెప్పానంటే, నీ ఉత్తరం నిండా నేరం చేసినదానివిలా రాశావు. అద్దానికి అంటించిన ఆ స్టిక్కరు గురించి రాసిన తీరు చూస్తే దొంగసొత్తు గురించి రాసినట్టుంది. దాచుకోవడం వెనక భయం ఉండొచ్చు. కానీ భయపడిన ప్రతివాడూ అబద్ధాలకోరు కాదు.

ఇక పాస్టరుగారి మాట. ఆయన మంచివారే అయుంటారు, మాట కూడా వాక్యంలో ఉన్నదే. గలతీయులకు రాస్తూ పౌలు, యూదుడని గ్రీసువాడని లేదన్నాడు. కానీ ఎక్కడ, ఎవరికి చెబుతున్నామనేది ఒకటి ఉంటుంది. కాలు విరిగినవాడితో 'పరలోకంలో కుంటివాళ్ళు ఉండరు' అంటే నిజమే, కట్టు ఎవరు కడతారు మరి? 'పట్టించుకోకు' అనే మాట ఆయన చెప్పాల్సింది నీకు కాదు, పట్టించుకున్న ఆ అబ్బాయి తల్లికి. ఆమె కూడా అదే సంఘంలో అదే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటోంది కదా.

'క్రీస్తులో గుర్తింపు' అనే మాట ఈమధ్య మైకుల్లో బాగా వినపడుతోంది. దాని పక్కనే 'నువ్వు తలవు, తోకవు కావు' అనేది కూడా. ద్వితీయోపదేశకాండంలో మాటే అది, కాదనను. కానీ వేలమంది కూర్చున్న హాల్లో పక్కవాడితో అదే చెప్పించి చప్పట్లు కొట్టిస్తుంటే నాకు ఒకటే సందేహం. అందరూ తలలే అయితే తోక ఎవరు? ఎవరినో ఒకరిని కింద పెడితేగాని నిలబడని గుర్తింపు మన ఊళ్ళో ముందునుంచీ ఉంది. దానికోసం గుడికి వెళ్ళక్కర్లేదు.

నీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఒక పాత రిజిస్టరులో దొరికింది, అది చెబుతాను.

కొన్నేళ్ళ కింద మా ఊరి గుడికి వందేళ్ళ పండగ చేశారు. అప్పుడు పాత బాప్తిస్మాల రిజిస్టర్లు సరిచూసే పని నాకు అప్పగించారు. తెలుగు పంతులమ్మను, పాత చేతిరాత చదవగలనని. పొడుగాటి లెడ్జరు, ఎర్ర గుడ్డ అట్ట, అంచులు పురుగు తిన్నాయి. పేజీకి గళ్ళు గీసి ఉన్నాయి. వరుస సంఖ్య, తేదీ, పాత పేరు, కొత్త పేరు, తండ్రి, ఊరు. పాత పేరు గడిలో పెంటడు, పుల్లిగాడు, పిచ్చిగాడు, పెంటి, కోటిగాడు. కొత్త పేరు గడిలో దానియేలు, దేవసహాయం, సత్యానందం, మార్తమ్మ, సువార్తమ్మ. వేలు పెట్టి ఎడమ గడి నుంచి కుడి గడికి ఒక్కో పేరూ చదువుకుంటూ పోతుంటే గొంతు పట్టేసింది. 'రేయ్ పెంటిగా' అని పిలిపించుకున్న మనిషి రాతలో మొదటిసారి 'దానియేలు' అయ్యాడు. చివర గాడు లేదు. అప్పటిదాకా దొర పుస్తకంలోనో కరణం పుస్తకంలోనో బాకీ కింద తప్ప వాళ్ళ పేరు ఇంకెక్కడైనా రాశారో లేదో!

ఒక వరుస దగ్గర ఆగిపోయాను. పాత పేరు పెంటి. కొత్త పేరు పెంటమ్మ.

అందరూ మార్చుకుంటే ఈవిడ ఒక్కతే మార్చుకోలేదు. అమ్మ మాత్రం చేర్చారు. ఊరూ తండ్రి పేరూ చూస్తే మా నాయనమ్మే. మాకు చిన్నప్పటినుంచీ పెంటమ్మగానే తెలుసు, గుడిలో అంతమంది సువార్తమ్మలూ కరుణమ్మలూ ఉండగా ఈ పేరేమిటని ఎప్పుడూ అడగలేదు. మా మేనత్త అప్పటికి ఉంది, ఆమెను అడిగాను. చెప్పింది. నాయనమ్మకు ముందు పుట్టినవాళ్ళు ముగ్గురు పోయారట. ఈమె పుట్టగానే చేటలో వేసి పెంట మీద దొర్లించి తెచ్చి, పెంటి అని పెట్టారు. అలాంటి పేరు పెడితే చావు చూసి, చెత్తే కదా అని వదిలేసి పోతుందని. ఈ పద్ధతి నీకు తెలిసే ఉంటుంది, మన వైపు అన్ని కులాల్లోనూ ఉండేది. బాప్తిస్మం ఇచ్చే అయ్యగారు కొత్త పేరు ఏం పెట్టమంటావని అడిగితే నాయనమ్మ, "మా యమ్మ నేను బతకాలని పెట్టింది, అదెందుకు తీసేయడం" అందట.

నేను ఆ వాక్యం దగ్గరే ఉండిపోయాను చాలా రోజులు.

ఎందుకంటే ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం నాకు కంఠతా వచ్చు. పౌలు తన సర్టిఫికెట్లన్నీ వరసగా చదువుతాడు అక్కడ. ఎనిమిదో రోజున సున్నతి, ఇశ్రాయేలు వంశం, బెన్యామీను గోత్రం, హెబ్రీయుల్లో హెబ్రీయుడు, పరిసయ్యుడు. మన భాషలో ఇంటిపేరు, గోత్రం, శాఖ అన్నీ చెప్పుకున్నట్టు. చెప్పి, క్రీస్తుకోసం ఇవన్నీ పెంటతో సమానం అన్నాడు. మన తెలుగు బైబిల్లో ఉన్న మాట అదే, పెంట. పై మెట్టు మీద ఉన్నవాడు తన గొప్పను పెంట అనుకుంటే గానీ లోపలికి రాలేకపోయాడు. మా నాయనమ్మ పెంటగానే వచ్చింది, ఆమెకు అమ్మ అని చేర్చారు. ఒకే గుమ్మం, కానీ ఒకరికి వంగాల్సి వచ్చింది, ఒకరికి నడుం ఎత్తాల్సి వచ్చింది. పాస్టరుగారు నీతో అన్నది పౌలులాంటివాళ్ళకు చెప్పాల్సింది. విప్పి పారేయడానికి నీ దగ్గర గోత్రం గొప్ప ఏముంది తల్లీ? నువ్వు కులం పేరు ఎత్తకపోతే ఊరు నిన్ను మర్చిపోదు. నువ్వు నోరు మూసుకోవడమే మిగులుతుంది.

ఇంకోటి. పౌలుకు సౌలు అనే పేరు దమస్కు దారిలో పోయిందనుకుంటారు చాలామంది, ప్రసంగాల్లో కూడా అలాగే చెబుతారు. అపొస్తలుల కార్యాలు 13వ అధ్యాయం చూడు. పౌలు అనబడిన సౌలు అని ఉంటుంది. మారుమనస్సు పొందిన చాలా కాలానికి కూడా సౌలే. యూదుల మధ్య ఒకటి, రోమా లోకంలో ఒకటి, రెండూ ఆయనవే. రెండు పేర్లున్నంత మాత్రాన మనిషి రెండు ముక్కలు కాడు.

ఇప్పుడు మీ అమ్మానాన్న బడిలో వేసిన పేరు దగ్గరకు రా. ఆ పేరు ఎవరు చెప్పారు, ఎందుకు ఎంచుకున్నారు అని ఎప్పుడైనా అడిగావా? చాలా ఇళ్ళలో జరిగింది ఒకటే. హెడ్మాస్టరు 'పేరు?' అన్నాడు. తండ్రి బైబిలు పేరు చెప్పబోయి, ఒక్క క్షణం ఆగి, వేరే పేరు చెప్పాడు. పిల్ల చదువుకోవాలి, సీటు రావాలి, వెనక బెంచీలో కూర్చోబెట్టకూడదు. మా నాయనమ్మను పెంట మీద దొర్లించిన తల్లి ఏ భయంతో ఆ పేరు పెట్టిందో, మీ నాన్న అదే భయంతో ఈ పేరు పెట్టాడు. పిల్ల బతకాలని. ఆ పేరును అబద్ధం అని అసహ్యించుకుంటూ ఇన్నాళ్ళూ నువ్వు మోస్తున్నావు. అమ్మ పెట్టిన పేరు ఒకటి, నాన్న భయం పెట్టిన పేరు ఒకటి. రెండిట్లోనూ నీమీద ప్రేమే ఉంది.

మరి క్రీస్తులో గుర్తింపు? మత్తయి సువార్త మూడో అధ్యాయంలో యొర్దానులో యేసు నీళ్ళలోంచి పైకి రాగానే ఆకాశం నుంచి మాట వచ్చింది, ఈయన నా ప్రియ కుమారుడని. అప్పటికి ఆయన ఒక్క ప్రసంగం చేయలేదు, ఒక్క రోగిని ముట్టుకోలేదు. ఊళ్ళో వడ్రంగి కొడుకు, అంతే. తర్వాతి అధ్యాయంలో సాతాను నోట వచ్చిన మొదటి మాట, 'నీవు దేవుని కుమారుడవైతే'. ఆ 'అయితే' చూడు. నిరూపించు అని. రాళ్ళను రొట్టెలు చేసి చూపించు. ఆయన చూపించలేదు. చూపించాల్సిన పని లేదనుకున్నాడు, నీళ్ళలో విన్న మాట చాలు ఆయనకు. నువ్వు పొద్దున లేచింది మొదలు 'అయితే'లకు జవాబులు చెబుతున్నావు. ఆఫీసులో అందరిలాంటిదానివైతే బొట్టేది? సంఘంలో విశ్వాసివైతే బొట్టేమిటి? సంబంధం కావాలంటే ఏ క్రిస్టియన్? నీకూ నీళ్ళలో ఒక మాట వినిపించారు, పేరు పెట్టి పిలిచి. ఏ పేరుతో పిలిచినా పిలిచింది నిన్నే. గుర్తింపు అంటే నా మట్టుకు నాకు తెలిసింది ఇంతే. సంపాదించుకునేది కాదు, అందుకే ఫోను పెట్టేసినవాళ్ళు తీసుకుపోలేరు.

ఇది రాసినంత తేలిక కాదని నాకు తెలుసు. నా సంగతి కూడా చెప్పకపోతే మర్యాదగా ఉండదు. మాది మాదిగపల్లె. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో స్టాఫ్ రూములో కుండ పక్కన గ్లాసులు బోర్లించి ఉండేవి. నేను మొదటిరోజే ఇంటినుంచి ఒక స్టీలు గ్లాసు తీసుకెళ్ళాను. గొంతు సమస్య ఉంది, డాక్టరు వేరే గ్లాసు వాడమన్నాడు అని నవ్వుతూ చెప్పాను. ఎవరూ ఏమీ అడగలేదు. నన్ను అవమానించే కష్టం కూడా వాళ్ళకు లేకుండా నేనే చేసేశాను. 11 ఏళ్ళు ఆ గ్లాసు నా సంచిలో వెళ్ళి వచ్చింది. ప్రతి ఆదివారం గుడిలో పాటలు పాడుతూనే ఉన్నాను, కమిటీలో కూడా ఉన్నాను. ఒకరోజు గ్లాసు మర్చిపోయాను. ఎండాకాలం, ఒంటిపూట బడి, దాహం. వెళ్ళి కుండ దగ్గర గ్లాసు తీసుకుని తాగాను. తాగి కడిగి బోర్లించాను. ఒకరిద్దరు చూశారు. మర్నాటి నుంచి ఒకావిడ సీసాలో నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. అది ఆమె గొడవ. నేను మళ్ళీ గ్లాసు తీసుకెళ్ళలేదు. పెద్ద తిరుగుబాటు ఏమీ కాదు, మర్చిపోయానంతే.

అందుకని నువ్వు రేపు ఆఫీసులో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలని నేను అనను. డిసెంబరులో ఎవరైనా హ్యాపీ క్రిస్మస్ అంటే, 'మా ఇంట్లో కూడా చేసుకుంటాం, అమ్మ అరిసెలు పంపుతుంది' అను. ఒక డబ్బా తెచ్చి పెట్టు. అంతకంటే ఏమీ వద్దు. ఎర్రటోపీ పెట్టుకున్నవాళ్ళలో ఎవరు ఏం మాట్లాడతారో చూడు. మంచి స్నేహితురాలు ఒకామె అందులోంచే దొరకొచ్చు.

బొట్టు గురించి ఎక్కువ రాయను, అది అంత విషయం కాదు. బొట్టు పెట్టుకోవద్దని బైబిల్లో లేదు. మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల తీసేయడం గుర్తుగా మారింది. క్యాథలిక్ ఇళ్ళలో పెట్టుకునేవాళ్ళు ఎంతోమంది. డోర్నకల్లులో బిషప్ అజరయ్యగారు కట్టించిన పెద్ద గుడి చూశావా? స్తంభాలు చూస్తే దేవాలయం గుర్తొస్తుంది, గుమ్మటాలు చూస్తే మసీదు. లోపల ఆరాధన క్రీస్తుకు. 1912లో మన దేశంలో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన మనిషి, గుడి ఈ నేలలో మొలిచినట్టు ఉండాలనుకున్నాడు. నువ్వు బొట్టు పెట్టుకో, మానెయ్. కానీ వారంలో ఏడు రోజులూ ఒకటే చెయ్. భయంతో పెట్టుకోకు, భయంతో తీయకు.

సర్టిఫికెట్ సంగతి మాత్రం మెత్తగా చెప్పి వదిలేయలేను. చట్టం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకు, వాళ్ళ పిల్లలకు వెనకబడిన తరగతుల్లో బీసీ-సి అనే గ్రూపు ఉంది, దానికి ఒక శాతం రిజర్వేషన్. ఈ తేడా మీద 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన కమిషన్ వేసింది. అది న్యాయమా అని నన్నడిగితే కాదంటాను. బాప్తిస్మం తీసుకున్న మర్నాడు మా పల్లెను ఎవరూ ఊరి మధ్యకు మార్చలేదు. ఆ అబ్బాయి తల్లి అడిగిన ప్రశ్నే సాక్ష్యం, క్రైస్తవంలోకి వచ్చినా కులం వెంటే వచ్చిందనడానికి. కానీ అన్యాయమైన చట్టం కూడా చట్టమే. నీ పదిహేడో ఏట మీ నాన్న పెట్టిన సంతకం గురించి నేను తీర్పు చెప్పను. ఇకమీదట ఏ ఫారం మీదైనా నువ్వే సంతకం చేస్తావు కాబట్టి, ఆ ముందు ఒక లాయరు దగ్గర కూర్చుని నీ పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పి తెలుసుకో. పౌలు కూడా కాగితాన్ని పెంట అని పారేయలేదు. కొరడా దెబ్బలు కొట్టబోతుంటే నేను రోమీయుడిని అన్నాడు. ఆయన చెప్పుకున్నది నిజం, అది కూడా గుర్తుంచుకో. నీ తలమీద ఉన్న బరువులో సగం ఈ కాగితందే అని నాకు అనిపిస్తోంది. దీనికి ప్రార్థన ఒక్కటే సరిపోదు, సమాచారం కావాలి.

ఇక ఆ ఫోను. 'మీరు ఏ క్రిస్టియన్లు?' మన పెళ్ళి ప్రకటనల్లో మాల క్రిస్టియన్, మాదిగ క్రిస్టియన్, రెడ్డి క్రిస్టియన్ అని అచ్చువేసి ఉంటుంది, ఎవరూ సిగ్గుపడరు. కొన్ని ఊళ్ళలో గుళ్ళు వేరు, కొన్నిచోట్ల సమాధుల దొడ్లు కూడా వేరు. కవి జాషువాగారు వినుకొండలో ఇదే పడ్డారు. అంటరానివాడని ఒకరు, పురాణాలు చదువుతున్నాడని క్రైస్తవులు, ఇద్దరూ దూరం పెట్టారు. నువ్వు కొత్త దారిలో ఏమీ లేవు.

అయితే మన ఒంగోలు వైపు కథ ఇంకొకటి కూడా ఉంది. 1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టినప్పుడు ఊళ్ళో పెద్ద కులాలవాళ్ళు ఆయన బడికి పిల్లలను పంపారు. అంతలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన, తోళ్ళ వ్యాపారం చేసుకునేవాడు, విశ్వాసంలోకి వచ్చాడు. ఆయన వెనక ఆయన మనుషులు వచ్చారు. వీళ్ళను చేర్చుకుంటే మా పిల్లలను మాన్పిస్తామన్నారు పెద్దలు. క్లౌ చేర్చుకున్నాడు, పిల్లలు బడి మానేశారు. తర్వాత 1876-78 ధాత కరువు. ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇచ్చాడు. తిండికోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని కరువు నడుస్తున్న 15 నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలోకి దిగారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా దిగి మార్చుకుంటూ ఇచ్చారు. మొదటి గుమ్మం దగ్గరే ఎవరు కావాలో తేల్చుకున్న సంఘం మనది. ఆ తల్లి చేసింది ఆ చరిత్రకే అడ్డం. మొన్న 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీగారు కార్డినల్ అయ్యారు, తెలుగువాళ్ళలో మొదటివారు, దళితుల్లో మొదటివారు. ఆయనను అభినందిస్తూ ఫ్లెక్సీలు కట్టినవాళ్ళలో ఎంతమంది పిల్లనిచ్చిపుచ్చుకుంటారో మాత్రం నేను చెప్పలేను.

అబ్బాయితో ఒక్కసారి కూర్చుని మాట్లాడు. ఫోనులో వద్దు. 'ప్రార్థన చేద్దాం' అంటే ఏమని ప్రార్థన చేస్తున్నాడో అడుగు. మా అమ్మ మనసు మారాలనా, నాకు అమ్మతో చెప్పే ధైర్యం రావాలనా? మొదటిదే అయితే ఇంకా చాలా ఏళ్ళు ప్రార్థన చేయాల్సి వస్తుంది. ఒక నెల గడువు పెట్టుకో, అతనికి కూడా చెప్పు. ఆ నెలలో అతను వాళ్ళమ్మ ముందు నీ పేరు చెప్పి నిలబడితే మంచిదే. నిలబడకపోతే ఏడువు, ఏడవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. కానీ అతను వద్దనుకోవడానికీ దేవుడు వద్దనుకోవడానికీ ముడిపెట్టుకోకు.

పాస్టరుగారి దగ్గరకు కూడా మళ్ళీ వెళ్ళు, ఈసారి పాస్టరమ్మగారు కూడా ఉన్నప్పుడు. ఆ ఇంటికి వెళ్ళి మీరు మాట్లాడతారా అని నేరుగా అడుగు. ఆయన తప్పించుకుంటే నీకు సంఘం మార్చుకునే హక్కుంది. తెర పెట్టి, లైట్లు వేసి వేలమంది కూర్చునే చోటుకు మాత్రం పోకు కొన్నాళ్ళు. ఆదివారం నువ్వు రాకపోతే 'ఏమైందమ్మా' అని మధ్యాహ్నానికి ఫోను చేసేంత చిన్న సంఘం చూసుకో.

నిద్ర విషయం. రెండు నెలలంటే ఎక్కువే. టెన్షన్ వల్లే అనుకుని ఊరుకోకు, డాక్టరుకు చూపించుకో. 14416 టెలిమానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మాట్లాడితే విశ్వాసం తక్కువైనట్టు కాదు. ఏలీయా ప్రవక్త అంతటివాడు చచ్చిపోతాను ప్రభువా అని బదరీచెట్టు కింద పడుకుంటే, దేవదూత వచ్చి ప్రసంగం చెప్పలేదు. రొట్టె తినమన్నాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు.

చివరగా ఒక పని చెబుతాను, ఇది నాకోసం కూడా. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు మీ గుడిలో పాత రిజిస్టరు ఉందేమో అడుగు. సాధారణంగా బీరువాలోనో, అయ్యగారి ఇంట్లో ట్రంకుపెట్టెలోనో పడి ఉంటుంది. తాళంచెవి సంఘపెద్ద దగ్గర ఉంటుంది, ఇవాళ కాదు రేపు అంటాడు, వదలకు. అమ్మను కూడా తీసుకెళ్ళు. మీ తాతమ్మ, ముత్తాత ఎవరిదైనా వరుస దొరికితే ఎడమ గడిలో ఏముందో, కుడి గడిలో ఏముందో అమ్మకు పైకి చదివి వినిపించు. బడిలో నీ పేరు వేసిన రోజు ఏం జరిగిందో కూడా అక్కడే అడుగు. ఫోటో తీసుకో, పేజీ మడతపెట్టకు, కాగితం విరిగిపోతుంది. ఆ రెండు గళ్ళలో ఉన్న పేర్లేమిటో నాకు రాయి.